మీ అమ్మాయికి ఏది ముందు: గొంగళి పురుగా, బీరపాదా, పూల రంగులా, పిట్టలా?

పిల్ల ఫోన్ వదలడం లేదని విసిగిపోయిన తల్లిదండ్రులు వేసవి సెలవుల్లో అడిగే ప్రశ్న ఒకటే: "మా అమ్మాయి చేత చేయించడానికి ఏదైనా మంచి యాక్టివిటీ చెప్పండి." చెప్పడానికి బోలెడున్నాయి. ఆకులతో బొమ్మలు, పూలతో రంగులు, విత్తన బంతులు, కుండీలో కొత్తిమీర, పిట్టల లెక్క, సీతాకోకచిలుకల పెంపకం, ఇవి కాక అట్టపెట్టెల్లో అమ్మే కిట్లు. దేన్ని చూసినా మంచిదే అనిపిస్తుంది. అన్నీ ఒకే పని చేస్తాయనుకుంటేనే చిక్కు.

వీటిని నేను ఒక్క ప్రశ్నతో విడదీస్తాను. పని పూర్తయ్యాక పిల్ల చేతిలో ఒక వస్తువు మిగులుతుందా, లేక మర్నాడు పొద్దున లేవగానే మళ్లీ వెళ్లి చూడాలన్న ఆత్రం మిగులుతుందా? వస్తువు గోడకెక్కుతుంది, వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది, అక్కడితో ఆగుతుంది. ఆత్రం అలా కాదు. ఆడపిల్లల దగ్గరకొచ్చేసరికి మనం ఎక్కువగా ఇచ్చేది మొదటి రకమే. బొమ్మల షాపులో కిట్ల మీది ఫొటోలు చూడండి: పురుగును భూతద్దంతో చూసేది అబ్బాయి, పూలకిరీటం పెట్టుకుని నవ్వేది అమ్మాయి. పూలకిరీటం మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఎనిమిదేళ్ల పిల్లకి అదొక్కటే ఇస్తే, చెట్టు అంటే అలంకరణ సామాను దొరికే చోటని నేర్పినట్టే అవుతుంది.

తొందరలో ఉన్నవాళ్ల కోసం తేల్చి చెప్పేస్తాను. ఆరు నుంచి పన్నెండేళ్ల అమ్మాయికి, ఇంట్లో కరివేపాకో నిమ్మో ఉంటే, నా ఓటు గొంగళి పురుగుకే. చెట్టు లేని ఫ్లాట్ అయితే కుండీలో బీరపాదు. పదేళ్లు దాటి, వెంట ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు ఉంటే పిట్టలు. రంగుల పనులు, ఆకుల పనులు వాటి తర్వాతే, అవీ ప్రయోగంలా చేయిస్తేనే. విత్తన బంతులు, కిట్లు అన్నిటికన్నా చివర.

కరివేపాకు మొక్క మీద నెల రోజుల సినిమా

కరివేపాకు, నిమ్మ, దబ్బ, బత్తాయి, మారేడు ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. వీటి లేత ఆకుల మీద నలుపూ తెలుపూ కలిసి, అచ్చం పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు ఉందంటే, అది చాలావరకు నిమ్మ సీతాకోకచిలుక పిల్లో, కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక పిల్లో అయి ఉంటుంది. రెట్టలా కనిపించడం దానికి రక్షణ, రెట్టను ఏ పిట్టా తినదు కదా. ఆకులు తిని, చర్మం విడుస్తూ పెరిగి, చివరి దశలో ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు సన్నటి పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటి నారింజ రంగు అవయవం ఠక్కున బయటికొచ్చి ఘాటుగా వాసన వేస్తుంది. పిల్లలకి ఇది ఒకసారి చూపిస్తే చాలు, ఇక మీరు పిలవనక్కర్లేదు. పదేపదే పొడవద్దని మాత్రం ముందే చెప్పాలి.

మన వాతావరణంలో గుడ్డు పగలడానికి మూడు నాలుగు రోజులు, పురుగు పెరగడానికి సుమారు రెండు వారాలు, తిండి మానేసి గట్టి తొడుగులో కదలకుండా ఉండే ప్యూపా దశలో మరో ఎనిమిది పది రోజులు పడుతుంది. చలికాలంలో ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. మొత్తం మీద నెల. సామాను కూడా పెద్దగా అక్కర్లేదు: వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా, పైన కట్టడానికి పాత దోమతెర ముక్క, రబ్బర్ బ్యాండు, అడుగున పాత పేపరు, ఏటవాలుగా నిలబెట్టిన ఒక పుల్ల. రోజూ తాజా రెమ్మ వేయాలి, పేపరు మార్చాలి. బజారు కరివేపాకు వేయకండి, దాని మీద కొట్టిన మందుకి పురుగు చచ్చిపోవచ్చు. మీ ఇంటి చెట్టుదో, మందు కొట్టరని తెలిసిన పక్కింటి చెట్టుదో కావాలి.

ఇందులో క్రియేటివ్ ఏముంది అని అడిగేవాళ్లుంటారు. డబ్బా పక్కన ఒక నోట్‌బుక్ పెట్టండి. పురుగు పొడవు స్కేలుతో కొలిచి రాయడం, రోజుకో బొమ్మ గీయడం, రంగు ఎప్పుడు మారిందో నోట్ చేయడం అమ్మాయి పని. కాస్త పెద్ద పిల్లయితే ఆకును గళ్ల కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీయమనండి. మర్నాడు అదే ఆకును మళ్లీ పెట్టి ఎన్ని గళ్లు తినేసిందో లెక్కపెట్టమనండి. చివర్లో పురుగు తినడం మానేసి, నీళ్లగా విసర్జించి, డబ్బా అంతా తిరుగుతుంది. జబ్బు చేసిందనుకుని పిల్లలు కంగారు పడతారు. ప్యూపాగా మారడానికి అది చోటు వెతుక్కుంటోందన్నమాట. తర్వాత పుల్లకి సన్నటి దారంతో నడుము కట్టేసుకుని కదలకుండా ఉండిపోతుంది. సీతాకోకచిలుక సాధారణంగా పొద్దున పూట బయటికొస్తుంది. ముడతలు పడి తడిగా ఉన్న రెక్కలు సాగి, ఆరి, ఎగరడానికి గంటా రెండు గంటలు పడుతుంది. అప్పటిదాకా ఎవరూ చేయి పెట్టకూడదు.

వచ్చింది కామన్ మార్మన్ అయితే అమ్మాయిలకి చెప్పాల్సిన ముచ్చట ఒకటుంది. ఈ జాతిలో మగది నల్లగా, వెనక రెక్కల మీద తెల్ల మచ్చల వరసతో ఉంటుంది. ఆడవాటిలో కొన్ని మాత్రం ఎర్ర మచ్చలతో, కామన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుకలా కనిపిస్తాయి. ఆ కామన్ రోజ్ పిల్లలు విషముండే ఈశ్వరి తీగ తిని పెరుగుతాయి కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. ఏ విషమూ లేని మార్మన్ ఆడది దాని వేషం వేసుకుని పిట్టల్ని బురిడీ కొట్టిస్తుంది. మగదానికి ఈ వేషం లేదు.

పురుగులు చూడటం ఆడపిల్లకెందుకు అనే బామ్మ ఇంట్లో ఉంటే, మారియా సిబిల్లా మేరియన్ పేరు పనికొస్తుంది. 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన ఈమె పదమూడో ఏట పట్టుపురుగుల్ని పెంచడం మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మే రోజులవి. గుడ్డు, పురుగు, ప్యూపా, సీతాకోకచిలుక, అది తినే మొక్క అన్నిటినీ ఒకే బొమ్మలో గీసి చూపించిందామె. 1699లో, యాభై దాటిన వయసులో, కూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లింది, అక్కడి పురుగుల్ని గీయడానికి. ఆ బొమ్మలు 1705లో అచ్చయ్యాయి. ఇంత పెద్ద జీవితానికి మొదలు ఇంట్లో పెంచిన పట్టుపురుగులే.

లోపాలూ చెప్పాలి. నెల రోజుల్లో మధ్యలో ఊరెళ్తే కుదరదు, ఎవరికైనా అప్పజెప్పాలి. ఒక్కోసారి ప్యూపాలోంచి సీతాకోకచిలుకకి బదులు కందిరీగల జాతికి చెందిన బుల్లి పురుగులు వస్తాయి, వాటి తల్లి లోపల గుడ్లు పెడితే, అందులోంచి వచ్చిన పిల్లలు లోపలిదంతా తినేసి ఉంటాయి. పిల్ల ఏడుస్తుంది. దాచిపెట్టి పారేయకండి. ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఆ రోజే. ఇక వెంట్రుకలున్న గొంగళి పురుగుని ఏ పరిస్థితిలోనూ ముట్టుకోకూడదన్న రూలు మొదటి రోజే పెట్టాలి. మునగ చెట్టు కాండానికి గుంపులుగా పట్టే వాటి నూగు తగిలితే దురద, దద్దుర్లు ఎలా ఉంటాయో పల్లెటూళ్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు.

జిల్లేడు మీద చారల పురుగు దొరికితే అది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్ల. చూడటానికి నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో ఇంకా అందంగా ఉంటుంది. కానీ జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి రెమ్మలు తెంచడం పెద్దవాళ్ల పనే. చిన్నపిల్లలున్న ఇంట్లో నేను నిమ్మనే ఎంచుకుంటాను. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి మిల్క్‌వీడ్ మొక్క నాటితే మోనార్క్ వస్తుంది, అది మన ప్లెయిన్ టైగర్‌కి చాలా దగ్గరి చుట్టం. సోయికూర, సోంపు మొక్కలు పెంచితే అక్కడి బ్లాక్ స్వాలోటెయిల్ గుడ్లు పెట్టే అవకాశముంది.

కుండీ పెట్టేవాళ్లు కొత్తిమీర దగ్గర ఆగిపోకండి

పురుగంటే ఇంట్లో ఎవరికీ పడదు, ఉన్నది చిన్న బాల్కనీ. అలాంటప్పుడు కుండీయే దారి. దాదాపు అందరూ మెంతులతోనో ధనియాలతోనో మొదలుపెడతారు. మెంతులు రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి కాబట్టి నాలుగైదేళ్ల పిల్లకి అవి సరిపోతాయి. అంతకన్నా పెద్ద పిల్లకి మాత్రం ఆకుకూరలో చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. వేశాం, మొలిచింది, కోశాం, పప్పులో వేశాం.

పాదు అలా కాదు. బీర, కాకర, గుమ్మడి, దోస, ఏదైనా సరే, మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపువ్వుకి వెనకాల బుల్లి కాయ ముందే ఉంటుంది. పుప్పొడి అందితే ఆ కాయ పెరుగుతుంది, లేకపోతే పసుపు రంగుకి తిరిగి రాలిపోతుంది. మూడో అంతస్తు బాల్కనీకి తేనెటీగలు సరిగా రావు కాబట్టి ఆ పని అమ్మాయే చేయాలి. మగపువ్వు కోసి రేకులు వెనక్కి విరిచి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దాలి, లేదా పెయింటింగ్ బ్రష్‌తో పుప్పొడి అద్దాలి. రుద్దిన పువ్వుకి ఎర్ర దారం కట్టమనండి. ఏవి నిలిచాయో ఏవి రాలాయో వారంలో తెలిసిపోతుంది. అది నిజమైన ప్రయోగం.

వీటిలో ఏది? గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, కాకర కూడా పొద్దునపూటే. స్కూలు బస్సు హడావిడిలో ఎవరికి వీలవుతుంది? బీరపువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది, పిల్ల ఇంటికొచ్చే వేళకి సిద్ధంగా ఉంటుంది. అందుకే బడికెళ్లే అమ్మాయికి బీర. పెద్ద గ్రో బ్యాగు, పైకి పాకడానికి తాళ్లు, రోజూ ఎండ ఉంటే సుమారు రెండు నెలల్లో కాయ కోయొచ్చు. ఒక కాయని కోయకుండా తీగ మీదే ఎండనిస్తే లోపల గింజలూ మిగులుతాయి, బీరపీచూ మిగులుతుంది.

గింజలు దాచడం ఆడవాళ్ల చేతుల్లో ఎంత పెద్ద విద్యో తెలియాలంటే జహీరాబాద్ ప్రాంతం చూడాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా రైతులు పాత పంటల విత్తనాల్ని బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటూ కాపాడుకొచ్చారు. ఆ సంస్థకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ (యూఎన్‌డీపీ) ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఆ దారిలోనే మీ అమ్మాయి కూడా గింజల్ని బూడిదలో కలిపి సీసాలో పోసి, మీద పేరూ తేదీ రాసి పెట్టుకోవచ్చు.

పదీ పదకొండేళ్ల అమ్మాయికి కుండీతో ఇంకో లాభం ఉంది. ఆడపువ్వు, మగపువ్వు, పుప్పొడి, కాయ అనే మాటలు పాదు దగ్గర ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేస్తాయి. తర్వాత శరీరం గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు తల్లికి సగం పని తగ్గుతుంది. అలాగే, నెలసరి రోజుల్లో ముట్టుకుంటే మొక్క వాడిపోతుందని చెప్పి పిల్లని కుండీకి దూరం పెట్టకండి. వాడిపోదు. నమ్మకం కుదరకపోతే ఒక కుండీకి ఆ రోజుల్లో కూడా ఆమెనే నీళ్లు పోయమనండి, చూద్దాం.

రంగులు: కళా, ప్రయోగమా?

చాలామంది అమ్మాయిలు ఇష్టంగా వచ్చేది దీనికే, తల్లులకీ ఇదే ధైర్యం. పురుగు లేదు, ఎండలేదు, వంటింట్లోనే అయిపోతుంది. కానీ పూలు ఉడికించి గుడ్డకి రంగు వేసి ఆరేయడంతో ఆపేస్తే అది సాయంత్రం పూట కాలక్షేపం. అదే పనిని కాస్త తిప్పితే వారాలపాటు నడుస్తుంది.

ఇంట్లో ఎర్రనీళ్లు తీసేటప్పుడు పసుపు నీళ్లలో సున్నం కలుపుతాం, ఎర్రగా మారుతుంది. అక్కడ మొదలుపెట్టండి. పసుపు పూసిన కాగితం మీద సున్నపు తేటతో బొమ్మ గీస్తే ఎర్రగా వస్తుంది, మీద నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపవుతుంది. తర్వాత ఎర్ర మందారం రేకుల్ని వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లని మూడు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో వంటసోడా, ఒకటి అలాగే. శంఖపుష్పంతోనూ అంతే, నీలం కాస్తా నిమ్మ పడగానే ఊదా గులాబీ రంగులోకి తిరుగుతుంది. ఇక పిల్ల ఫ్రిజ్‌లో ఉన్న ప్రతిదాన్నీ వేసి చూస్తానంటుంది. వేయనివ్వండి.

కాస్త పెద్ద పిల్లకి శ్రీకాళహస్తి కలంకారి దారి చూపించొచ్చు. అక్కడ గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి కొన్ని వారాలు పులియబెట్టిన నీళ్లతో వెదురు కలం పట్టి నల్ల గీతలు గీస్తారు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నలుపు పుడుతుంది. ఇంట్లో తుప్పు మేకులు, బెల్లం నీళ్లు ఒక సీసాలో వేసి మూత వదులుగా పెట్టి రెండు మూడు వారాలు ఆగితే చాలు. ఆ నీళ్లతో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీసిన గీత కళ్లముందే నల్లబడుతుంది. కంపు కొడుతుంది, బాల్కనీలోనే పెట్టుకోండి. అదే గీతని మామూలు తెల్ల గుడ్డ మీద గీసి పక్కపక్కన పెట్టి చూపిస్తే కరక్కాయ ఎందుకో పిల్లకి అర్థమవుతుంది. మోదుగు పూలకి మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వీలు, హోలీకి ముందు.

ఆషాఢంలో గోరింటాకు కూడా ఈ లెక్కలోదే. కోన్ కొనకుండా ఆకు కోసి, రోట్లోనో మిక్సీలోనో నూరి, ఒక వేలికి గంట, ఇంకో వేలికి మూడు గంటలు, మరో వేలికి రాత్రంతా ఉంచమనండి. నల్లగా పండుతుందని అమ్మే కోన్ల జోలికి పోవద్దు, వాటిలో కలిపే రసాయనాలకి కొందరికి బొబ్బలెక్కుతాయి.

పండుగ పత్రి, బతుకమ్మ పూలు

ఆకులు పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టడం, సుత్తితో కొట్టి గుడ్డ మీద అచ్చు వేయడం, రావి ఆకుని వారాలపాటు నీళ్లలో నానబెట్టి జాలీ తీయడం... ఇవన్నీ సులువే, ఖర్చు లేనివే. విడిగా చేస్తే నాకు పెద్దగా నచ్చవు. పండుగకి జోడిస్తే మాత్రం వీటికి ప్రాణం వస్తుంది.

వినాయక చవితి పత్రి ఇరవై ఒక్క రకాలు. మాచి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వావిలి, జమ్మి, రావి, మద్ది అంటూ చదువుతాం గానీ బజారులో కట్టగా కొనేది ఏదో గడ్డి, ఏదో కొమ్మ. ఈసారి అమ్మాయికి జాబితా ఇచ్చి, పండుగకి రెండు వారాల ముందు నుంచి మీ వీధిలో, పొలం గట్ల మీద, గుడి వెనక ఎన్ని దొరుకుతాయో వెతకమనండి. దొరికిన ప్రతిదాని ఆకు ఒకటి పాత పేపర్లలో ఆరబెట్టి, ఎక్కడ దొరికిందో రాసి అట్టకి అతికిస్తే ఏటేటా పెరిగే పుస్తకం అవుతుంది. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు.

తెలంగాణలో బతుకమ్మ, అంతకన్నా ముందు పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో చేసే బొడ్డెమ్మ, రెండూ అచ్చంగా అమ్మాయిలు మట్టిలో, పూలలో చేతులు పెట్టే పండుగలే. కొత్తగా యాక్టివిటీ కనిపెట్టాల్సిన అవసరమే లేదు. పూలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదాని మీద మొత్తం ఆధారపడి ఉంటుంది. మార్కెట్లో కొని పేర్చితే అది పేర్పు. గునుగు ఏ పొలంగట్టు మీద పూస్తుంది, తంగేడు ఎలాంటి నేలలో గుబురుగా ఉంటుంది, అమ్మమ్మ ఊరికెళ్లి ఏరుకురావడం పూర్తిగా వేరే సంగతి. ఆంధ్రాలో ధనుర్మాసం గొబ్బెమ్మలకి గుమ్మడి పూలు తేవడం కూడా అంతే. వీలుంటే సంవత్సరానికి ఆ ఒక్క ప్రయాణం పెట్టుకోండి, కిట్లకి పెట్టే డబ్బుతో బస్సు టికెట్లు వచ్చేస్తాయి.

పూలు ఏరేటప్పుడు వయ్యారిభామ మీద ఒక కన్నేసి ఉంచండి. తెల్లగా ముద్దుగా ఉంటుందని పిల్లలు గుత్తులు కడతారు. చర్మానికి దద్దుర్లు, కొందరికి ఆయాసం తెస్తుంది.

పిట్టలు ఎవరికి

చేత్తో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఓపిక కావాలి, పొద్దున్నే లేవాలి. అందుకే ఏడేళ్ల లోపు పిల్లకి పిట్టలు మొదటి ఎంపిక కాదు. అయితే పదేళ్లు దాటాక లెక్క మారుతుంది. సరిగ్గా ఆ వయసులోనే అమ్మాయిల్ని బయటికి పంపడం తగ్గిస్తాం. "ఎండకి నల్లబడతావు", "ఒక్కదానివే వద్దు", "ఇంకా చెట్లెక్కుతావా" అనే మాటలు మొదలవుతాయి. ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు, ఒక పెద్దమనిషి తోడు, చేతిలో లెక్క రాసే కాగితం ఉంటే బయటికి వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకునే కారణం దొరుకుతుంది. ఈ ఒక్క లాభం కోసమైనా పిట్టలకి మార్కులు వేస్తాను.

చేతిపని కూడా ఉంది, కాకపోతే బొమ్మల పుస్తకం రూపంలో. కోకిలతో మొదలుపెట్టండి. మన పాటల్లో కుహూ అని కూసేది నల్లటి మగ కోకిల. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, అరుపు కూడా వేరు, కర్ణకఠోరంగా. అది కాకి గూట్లో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. ఈతచెట్టుకో తాటిచెట్టుకో వేలాడే గిజిగాడి గూళ్లలో అల్లేది మగది, సగం అల్లాక వచ్చి తనిఖీ చేసి నచ్చితేనే కాపురం పెట్టేది ఆడది. తేనెపిట్టల్లో గూడు కట్టే పని ఆడదానిది. ఏ పిట్టలో ఎవరు ఏ పని చేస్తున్నారో రెండు గళ్ల పట్టిక గీసుకుని నింపమంటే అమ్మాయిలు భలే పట్టుదలగా చేస్తారు. వర్షాకాలంలో గిజిగాడి గూడు చూసొచ్చాక, కొబ్బరి పీచు, ఎండుగడ్డి ఇచ్చి అలాంటిది అల్లమనండి. రెండు చేతులూ పది వేళ్లూ ఉండి కూడా చేతకాదు. చెట్టు మీది గూడు మాత్రం తేకూడదు. గూళ్లు, గుడ్లు తీయడం చట్టం ఒప్పుకోదు, రామచిలుకని పంజరంలో పెంచడం కూడా నేరమే.

బైనాక్యులర్లు మొదట్లోనే కొనకండి. గోరువంక, పికిలిపిట్ట, జెముడుకాకి, లకుముకి, తేనెపిట్ట ఇవన్నీ కళ్లకే ఆనతాయి. ఫోన్లో మెర్లిన్ యాప్ ఉచితం, కూత విని పేరు చెబుతుంది. కాకపోతే ముందు పిల్లని ఊహించమని, తర్వాతే ఫోన్ తీయండి. మొక్కలకీ పురుగులకీ అయితే సీక్ యాప్ పిల్లలకి అనువు, అకౌంట్ తెరవక్కర్లేదు.

ఎక్కడికి తీసుకెళ్లాలి? గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, పెద్ద కొంగలు గుంపులుగా దగ్గర్లోనే కూర్చుంటాయి కాబట్టి చిన్నపిల్లలకి విసుగు రాదు. కైకలూరు దగ్గర కొల్లేరులోని ఆటపాక, నెల్లూరు వైపు నేలపట్టు, పులికాట్ శీతాకాలానికి. హైదరాబాద్ వాళ్లకి అమీన్‌పూర్ చెరువు ఉంది, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో పదిహేను నిమిషాలు చూసి రాసిన లెక్కని కూడా తీసుకుంటారు. తన లెక్క శాస్త్రవేత్తలకి చేరుతుందంటే పన్నెండేళ్ల పిల్లకి అదో గర్వం. స్కూల్లో గైడ్స్ ఉంటే చేర్చండి, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పదేళ్ల లోపు అమ్మాయిలకి బుల్‌బుల్స్ అనే విభాగం కూడా ఉంది.

వద్దనేవి, రెండు ముక్కల్లో

విత్తన బంతులు చేయడం సరదానే, మట్టి పిసకడం ఎవరికి ఇష్టం ఉండదు? కానీ విసిరేశాక అది మొలిచిందో లేదో పిల్లకి ఎప్పటికీ తెలియదు. చేయాల్సిందే అయితే నాలుగు బంతుల్ని మీ గేటు పక్కనే వేసి చూడనివ్వండి. కిట్ల విషయానికొస్తే, వాటిలో పనికొచ్చేది భూతద్దం ఒక్కటే, అది స్టేషనరీ షాపులో విడిగా దొరుకుతుంది. ఎండిన పూలని రెజిన్‌లో పోసి లాకెట్లు చేసే కిట్లు చిన్నపిల్లలకి అసలు వద్దు. గడ్డకట్టక ముందు ఆ రసాయనం చర్మానికి, ఊపిరికి మంచిది కాదు.

ఇక ఎంచుకోవడం

వయసు కన్నా ముందు మీ ఇంట్లో రోజూ పావుగంట ఎవరికి ఖాళీ ఉంటుందో చూడండి. పొద్దున పావుగంట ఉంటే గొంగళి పురుగు. సాయంత్రం ఉంటే బీర. ఆదివారం మాత్రమే ఉంటే రంగులు లేదా పిట్టలు, ఎందుకంటే అవి వారం ఆగినా చచ్చిపోవు. అమ్మకి పురుగంటే భయమైతే నాన్నో, బాబాయో, పిన్నో డబ్బా బాధ్యత తీసుకోవాలి. పిల్ల పురుగుని చూడకముందే అమ్మ మొహం చూస్తుంది, అక్కడ కేక వినిపిస్తే ఇక అయిపోయినట్టే.

బట్టలు కూడా ఎంపికలో భాగమే. కొత్త ఫ్రాకు, తెల్ల లెగ్గింగ్స్ వేసి "మట్టి అంటించుకోకు" అని పంపితే ఏ యాక్టివిటీ అయినా ఒకటే. పాత చుడీదారో ప్యాంటో, పొడుగు చేతుల చొక్కా, మూసి ఉండే బూట్లు, బిగించి వేసిన జడలు. బయటి ప్రయాణమైతే టాయిలెట్ ఎక్కడుందో ముందే కనుక్కోండి. అబ్బాయిల గుంపుని తీసుకెళ్లేవాళ్లకి ఇది గుర్తుకే రాదు, అమ్మాయిలు మాత్రం ఆ భయంతో నీళ్లు తాగడం మానేసి తలనొప్పితో తిరిగొస్తారు.

ఏ నెలలో మొదలుపెడుతున్నారన్నదీ చూసుకోవాలి. వానలు పడి కరివేపాకు, నిమ్మ చిగుళ్లు వేసే జూన్ నుంచి అక్టోబరు దాకా గొంగళి పురుగులు సులువుగా దొరుకుతాయి. గిజిగాళ్లకీ అదే కాలం. బీర వానాకాలం మొదట్లోనూ, చలి తగ్గాక జనవరి ఆఖర్లోనూ వేయొచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి పిట్టలకి. నడి వేసవిలో, బయటికి వెళ్లలేని ఎండల్లో, రంగులు.

మొదలుపెట్టిన రెండు వారాలకి అమ్మాయి తనంతట తాను డబ్బా దగ్గరికో కుండీ దగ్గరికో వెళ్లడం లేదంటే బలవంతం చేయకండి, ఇంకోదానికి మార్చండి. నోట్‌బుక్ మాత్రం అదే ఉంచండి, కొత్త పేజీ తిప్పితే సరిపోతుంది.